హోస్ట్, గెస్ట్ సామర్థ్యాలు చెప్పే ఏపీఐ ఎలా రాయాలి?

"ఈ మెషీన్ మీద ఎలాంటి వీఎం (వర్చువల్ మెషీన్) నడుస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబిచ్చే ఏపీఐలు చాలా చూశాను. ఎక్కువ శాతం చెడేది ఒక్కచోటే. హోస్ట్ (అసలు మెషీన్) ప్రాసెసర్లో ఉన్నదే గెస్ట్‌కి (దాని మీద నడిచే వీఎంకి) దొరుకుతుందని రాసేస్తారు.

1. లైనక్స్, కేవీఎం (లైనక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ భాగం), క్యూఈఎంయూ (మెషీన్‌ని ఎమ్యులేట్ చేసే, అంటే సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రాము) ఉంటే చాలు. సీపీయూ ఫ్లాగుల్లో (ప్రాసెసర్ ఫీచర్ల జాబితాలో) వీఎంఎక్స్ అనే ఇంటెల్ వర్చువలైజేషన్ ఫీచరు (ఏఎండీ అయితే ఎస్‌వీఎం) కనబడిందని నమ్మకండి. కేవీఎం డివైస్ ఫైలు తెరిచి చూడండి.

2. హోస్ట్ ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు అక్కర్లేదు. ఆర్కిటెక్చర్, కోర్లు, మెమరీ, న్యూమా నోడ్లు (కోర్లు, వాటి దగ్గరి మెమరీ కలిసిన గుంపులు) చదివి ఇచ్చేయండి.

3. గెస్ట్ ఫంక్షన్ దగ్గర తొందరపడకండి. దీన్ని అడగాలంటే నాలుగు విషయాలు చెప్పి తీరాలి: ఏ ఎమ్యులేటర్, ఏ ఆర్కిటెక్చర్, ఏ మెషీన్ టైపు (గెస్ట్‌కి చూపించే మదర్‌బోర్డు రకం; ఐ440ఎఫ్‌ఎక్స్, క్యూ35 లాంటివి), కేవీఎమ్మా లేక ఉత్త ఎమ్యులేషనా. ఇందులో ఏ ఒక్కటి మారినా జవాబు మారుతుంది. ఐ440ఎఫ్‌ఎక్స్ మెషీన్‌కి 255 వీసీపీయూలే (వర్చువల్ సీపీయూలే) గరిష్ఠం, అదే హోస్ట్ మీద క్యూ35 అంతకు మించి ఇస్తుంది. మరి "గరిష్ఠం ఎంత?" అని ఊరికే అడిగితే ఏం చెబుతారు?

హోస్ట్ జాబితాలోంచి కొన్ని తీసేస్తే గెస్ట్ జాబితా వస్తుందనుకోవడం కూడా తప్పే. ఎక్స్2ఏపిక్ (ఇంటరప్టులను కోర్లకు చేర్చే ఫీచరు) హార్డ్‌వేర్లో లేకపోయినా కేవీఎం తానే ఎమ్యులేట్ చేసి గెస్ట్‌కి చూపిస్తుంది. అందుకే సీపీయూ ఫ్లాగుల ఫైలు చదివి లెక్క కట్టొద్దు, కేవీఎంనే అడగండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఆ ఫైలు చూసే మాటిచ్చేవాళ్లం. టెస్టుల్లో అంతా బాగానే ఉండేది, తీరా వాడేవాళ్ల దగ్గర వీఎంలు స్టార్టే అయ్యేవి కావు.

లిబ్‌వర్ట్ (వీఎంలను నిర్వహించే లైబ్రరీ) మొదట్లో హోస్ట్, గెస్ట్ వివరాలు రెండూ ఒకే ఎక్స్‌ఎంఎల్‌లో ఇచ్చేది. 2014లో, 1.2.7 వెర్షన్‌లో, ఆ నాలుగూ తీసుకునే ఫంక్షన్ వేరుగా పెట్టింది. మీరు మొదటి రోజే విడగొట్టండి.

4. జవాబు "ఉంది", "లేదు", "తెలియదు" అని మూడు రకాలుగా ఉండాలి. తెలియనిదాన్ని "లేదు"లో కలిపేస్తే, పాత ఎమ్యులేటర్ల మీద పనిచేసే ఫీచర్లు కూడా మాయమైపోతాయి. జవాబు టెక్స్ట్‌గానే ఇవ్వాలి, స్ట్రక్ట్‌గా (ఫీల్డులు ముందే బిగించిన డేటా నిర్మాణంగా) వద్దు. స్ట్రక్ట్‌లో రేపొక ఫీల్డు చేరిస్తే పాత ప్రోగ్రాములు విరుగుతాయి.

5. జవాబును క్యాష్ చేయండి, కానీ ఎమ్యులేటర్ బైనరీ, కెర్నల్, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) వీటిలో ఏది మారినా పారేయండి. 2014లో హాస్‌వెల్ చిప్పుల్లో టీఎస్‌ఎక్స్‌ని (మెమరీ ట్రాన్సాక్షన్ల ఫీచరుని) ఇంటెల్ మైక్రోకోడ్‌తోనే ఆపేసింది. చిప్పు అదే, ఫీచరు మాత్రం పోయింది.

6. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని మరో హోస్ట్‌కి మార్చడం) కోసం రెండు హోస్టులకూ ఉమ్మడిగా ఉన్నవి చెప్పే ఫంక్షన్ విడిగా రాయండి. దానికి అందించాల్సింది 3వ మెట్టులో వచ్చిన గెస్ట్ జవాబులే, 2వ మెట్టులోవి కాదు.