కల్తీ కల్లు మాన్పించాలంటే

మహబూబ్‌నగర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. కల్లు మాన్పిద్దామని ఇంట్లో మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు, నిద్ర మందులు. ఒళ్లు వాటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతారు, ఫిట్స్ కూడా వస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే మాన్పించే ముందే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు తాగాడు? సిగ్గుపడి తగ్గించి చెప్పొద్దు. ఆసుపత్రిలో ఇచ్చే మందు మోతాదు వేసేది ఆ లెక్క చూసే. దాన్ని డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. కాస్త తేరుకున్నాడు కదా అని మీరే ఆపేయొద్దు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. సలహా కావాలంటే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి కానీ, మత్తు అలవాటు మాన్పించే సహాయ నంబరు 14446కి కానీ ఫోన్ చేయండి, ఉచితమే.

ఇంకో మాట. అతను ఏడుస్తున్నాడని జాలిపడి చాటుగా సీసా తెచ్చివ్వకండి. మందుల మీద ఆ కల్లు పడితే ఊపిరి ఆగిపోవచ్చు.