తుపాను సీజన్‌కి ముందు: ల్యాప్‌టాప్‌కి ఏవి తగిలించొచ్చు, ఏవి వద్దు

అక్టోబరు దగ్గరపడిందంటే మా విశాఖలో కొవ్వొత్తులు, టార్చిలైట్లు వెతికి పెట్టుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఈమధ్య ఇంకో అలవాటు కూడా మొదలైంది. కరెంటు పోగానే ఇంటిల్లిపాదీ ల్యాప్‌టాప్ చుట్టూ చేరతారు. ఒకరు ఫోను తెస్తారు, ఒకరు బుల్లి ఫ్యాను, ఇంకొకరు యూఎస్‌బీ లైటు. ల్యాప్‌టాప్ కాస్తా ఇన్వర్టర్ అయిపోతుంది.

పోయినేడు గాలివాన రాత్రి నేను పెళ్లి ఫొటోలు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తున్నాను. ఒక యూఎస్‌బీ పోర్టుని నాలుగు చేసే హబ్‌కి హార్డ్‌డిస్క్, మౌస్, ఒక ఫోను ఉన్నాయి. "ఉక్కపోస్తోందండీ, ఈ ఫ్యాను కూడా పెట్టండి" అంది మా ఆవిడ. పెట్టాను. ఫ్యాను తిరిగింది. హార్డ్‌డిస్క్ టిక్ టిక్‌మని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది, స్క్రీన్ మీద కాపీ కూడా ఆగింది. కెమెరా కార్డులో ఫొటోలు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను.

తప్పు ఫ్యానుది కాదు, లెక్క చూసుకోని నాది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి లెక్క ప్రకారం వచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపల నీలం రంగులో కనిపించే 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్ల దాకా, అంటే నాలుగున్నర వాట్లు ఇస్తుంది. అడాప్టర్ లేని హబ్‌కి నాలుగు రంధ్రాలున్నా ఆ కరెంటునే నలుగురూ పంచుకోవాలి. కుళాయికి నాలుగు పైపులు తగిలిస్తే నీళ్లు పెరగవు కదా. మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్ తక్కువ తాగేవి, వాటితో టెన్షన్ లేదు. లోపల పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్ మాత్రం స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. అందుకే దాన్ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే, దాంతో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే పెట్టండి. సన్నటి పొడుగు కేబుల్‌లో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. టిక్ టిక్ వినిపిస్తే కాపీ ఆపేసి, పక్కన ఉన్నవన్నీ తీసేయండి.

ఫోను సంగతి వేరు. 5000 మిల్లీఆంపియర్-అవర్ ఫోను బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్ (ఒక వాటు చొప్పున 19 గంటలు ఇచ్చేంత ఛార్జి). ఛార్జింగ్‌లో వేడిగా పోయేది కూడా కలిపితే ల్యాప్‌టాప్ నుంచి పాతిక దాకా లాగుతుంది. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద 50 వాట్-అవర్ అని రాసి ఉంటే రెండు ఫోన్లు నిండేసరికి అది ఖాళీ. కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చిన రోజే పవర్‌బ్యాంకులు గోడ ప్లగ్‌కి పెట్టి నింపుకోండి. కరెంటు పోయాక ఫోన్లు, ఫ్యాను వాటికే. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ల్యాప్‌టాప్‌కే ఉంచండి. కొన్ని పవర్‌బ్యాంకులు చిన్న లైటు పెడితే "ఏమీ తగిలించలేదు" అనుకుని కాసేపటికి ఆగిపోతాయి. అదీ ముందే చూసుకోవాలి.

వైఫై రూటర్‌ని ల్యాప్‌టాప్‌తో నడిపిద్దామని 5 వోల్టులని 12కి పెంచే కేబుల్ కొనేవాళ్లున్నారు. 12 వోల్టులు 1 ఆంపియర్ అని అడాప్టర్ మీద ఉంటే, ఆ రూటర్ 12 వాట్ల దాకా అడగొచ్చు. మామూలు పోర్టులో ఉన్నది నాలుగున్నర. నన్నడిగితే ఈ పని వద్దే వద్దు. రూటర్‌కని విడిగా దొరికే చిన్న యూపీఎస్ కొనుక్కోవడం మేలు.

అడాప్టర్ ఉన్న హబ్ కొనేవాళ్లు ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని ఛార్జర్ కూడా తీసేసి, కరెంటున్న హబ్ కేబుల్‌ని దానికి పెట్టండి. ల్యాప్‌టాప్ ఇంకో పోర్టులో అప్పటిదాకా ఆరిపోయి ఉన్న మౌస్ లైటు వెలిగిందా? అంటే హబ్ వెనక్కి కరెంటు తోస్తోంది. షాపులో తిరిగిచ్చేయండి. రెండు వైపులా మగ పిన్ను ఉండే కేబుల్‌తో పోర్టుకి పోర్టు కలపడం కూడా ఇలాంటి పనే.

ఉరుములు మొదలైతే ఛార్జర్, హబ్ అడాప్టర్ రెండూ గోడ నుంచి పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. కరెంటు వచ్చిన వెంటనే పెట్టకుండా ఐదు పది నిమిషాలు ఆగండి, మా వీధిలో అది వచ్చీపోయీ రెండు మూడుసార్లు ఆడుకుంటుంది.

ఇంకొకటి: మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, చాలా పోర్టులకి కరెంటు ఆగిపోతుంది. కొన్నిట్లో మాత్రం బ్యాటరీ గుర్తో మెరుపు గుర్తో ఉన్న పోర్టు పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి ఫోను దానికి తగిలించి పడుకుంటే తెల్లారేసరికి ఫోను నిండుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం తెరుచుకోదు.