బూరెకు జబ్బు చేసినప్పుడు

కావలిలో రొయ్యల రైతులు తెచ్చే నీళ్లను పరీక్షించే ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. సీసా మూత తీసి వాసన చూస్తే చెరువు అడుగున ఏం కుళ్లుతోందో సగం తెలిసిపోతుంది. అలాంటి నేను మా ఇంట్లో టీవీ పక్కన ఉన్న నాలుగు లీటర్ల గాజు గిన్నెలో నీళ్లను మూడు వారాల పాటు ఒక్కసారి కూడా పరీక్షించలేదు. ఆ గిన్నెలో ఉండేది మా వాడి గోల్డ్‌ఫిష్. గుండ్రంగా, నూనెలోంచి అప్పుడే తీసినట్టున్న రంగులో ఉంటుందని వాడే దానికి బూరె అని పేరు పెట్టాడు. పుట్టినరోజుకు మా ఆయన నెల్లూరు నుంచి తెచ్చారు. గిన్నె, రంగురాళ్లు, మేత డబ్బా, ఒక నీలం మందు సీసా కూడా వెంట వచ్చాయి. ఏ జబ్బు చేసినా రెండు చుక్కలు వేస్తే చాలని దుకాణంలో చెప్పారట.

ఒక రోజు పొద్దున్నే మా వాడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, బూరె మూతి పైకెత్తి గాలి తింటోంది" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, తోకలో ఎర్రటి దారాల్లాంటి చారలు కనిపిస్తున్నాయి, మేత వేస్తే అటు తిరగనైనా లేదు. నా చెయ్యి కూడా ముందు నీలం సీసా మీదికే పోయింది. తర్వాత సిగ్గేసి, మా వాడి నీళ్ల సీసాలో గిన్నె నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.2. ఇదే అంకె ఏ అల్లూరు రైతు సీసాలోనో వచ్చి ఉంటే అర్ధరాత్రయినా ఫోను చేసి చీవాట్లు పెట్టేదాన్ని.

కాబట్టి మీ చేప నీరసపడితే మందు కంటే ముందు నీళ్లు చూడండి. అక్వేరియం దుకాణాల్లో అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా నుంచి పుట్టే మరో విషం), పీహెచ్ చూసే చుక్కల కిట్లు దొరుకుతాయి. మన తీరంలో అయితే దగ్గరి ఆక్వా ల్యాబులో సీసాడు నీళ్లు ఇచ్చినా చూసిపెడతారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కొంచెం ఉంది, ఫరవాలేదు అనే మాట ఇక్కడ చెల్లదు.

చేప తిన్నదాంట్లోని మాంసకృత్తులు చివరికి అమ్మోనియాగా మారి, ఎక్కువ భాగం మొప్పల నుంచే నీళ్లలోకి వస్తాయి. గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, శీలావతులకు చుట్టమే. తిండీ ఎక్కువే, వదిలే మురికీ ఎక్కువే. పైగా నీటి పీహెచ్‌ను బట్టి అమ్మోనియా విషం మారుతుంది. పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. 8కి చేరి, నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉంటే నూటికి ఏడు వంతులు దాటుతుంది. మా ఇంట్లో ఉన్నది క్షారం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు, కాలం వేసవి. నాలుగు లీటర్లలో బూరె తన విషంలో తానే ఉడుకుతోందన్నమాట.

ఆ రోజు చేసింది ఇదీ. మేత పూర్తిగా ఆపేశాను. రెండు మూడు రోజులు తిండి లేకపోయినా గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు. పొద్దున సగం నీళ్లు, సాయంత్రం మళ్లీ సగం మార్చాను. మొత్తం ఒకేసారి పారబోసి కొత్త నీళ్లు పోస్తే వేడిలో, పీహెచ్‌లో వచ్చే తేడాకే చేప పోవచ్చు. కొత్త నీళ్లు గిన్నెలో నీళ్లంత వేడిగానే ఉండాలి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా ఆరుబయట ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. అంత వ్యవధి లేకపోతే హేచరీల్లో వాడే సోడియం థయోసల్ఫేట్ పలుకులు ఉన్నాయి. కుళాయి నీళ్లలో మామూలుగా ఉండే క్లోరిన్‌కు 100 లీటర్లకు ఒక గ్రాము సరిపోతుంది.

మర్నాడు 40 లీటర్ల కొత్త ప్లాస్టిక్ టబ్బు కొని బూరెను అందులోకి మార్చాను. బట్టలు నానబెట్టిన పాత టబ్బు పనికిరాదు, గీతల్లో సబ్బు దాక్కుంటుంది. వలతో పట్టకుండా చెంబును నీళ్లలో ముంచి చేపను నీళ్లతో సహా ఎత్తండి. వలకు తోక చీలుతుంది, ఒంటి మీది జిగురూ పోతుంది. గాలి పంపు తప్పకుండా పెట్టండి. కరెంటు పోతే గ్లాసుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తునుంచి పోస్తూ ఉండటమే. ఆ రాత్రి మా ఆయన అరగంటకోసారి లేచి అదే పని చేశారు. రొయ్యల రైతు ఇంట పుట్టిన మనిషి, ఏరేటర్ ఆగితే నిద్రపట్టదు.

ఇక ఉప్పు. మంచినీటి చేప ఒంట్లోకి చుట్టూ ఉన్న నీళ్లు ఎప్పుడూ చొరబడుతూనే ఉంటాయి, మూత్రపిండాలు తోడిపోస్తూనే ఉంటాయి. నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ చాకిరీ తగ్గుతుంది. ఉప్పులోని క్లోరైడు, నైట్రైట్‌ను మొప్పల దగ్గరే చాలావరకు అడ్డుకుంటుంది కూడా. అమ్మోనియాను మాత్రం ఉప్పు తీయలేదు, దానికి నీళ్లు మార్చడమే దారి. నేను ఇసకపల్లి కొఠార్ల కల్లుప్పు వాడాను. ఏదైనా అయొడిన్ కలపని కల్లుప్పు చాలు. మొదట లీటరుకు ఒక గ్రాము, పన్నెండు గంటలకు మరో గ్రాము, ఇంకో పన్నెండు గంటలకు మూడోది. అంటే 40 లీటర్లకు విడతకు 40 గ్రాములు. చెంచా లెక్క నమ్మకండి, తూచండి. మగ్గులో కరిగించి అంచు వెంట పోయండి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి తగ్గిన నీళ్లకు మంచినీళ్లే పోయాలి. తోడి పారబోసిన నీళ్లకు మాత్రమే ఆ మేరకు ఉప్పు కలపాలి. టబ్బులో మొక్కలుంటే ముందే తీసేయండి.

నాలుగో రోజుకు బూరె తోక విప్పింది. ఆరో రోజు మేతకు ఎగబడింది.

నీళ్లు సరిగా ఉన్నా చేప బాగోలేకపోతే అప్పుడు జబ్బు వెతకాలి. ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు వస్తే అది వైట్ స్పాట్. ఈ మాట వింటే మన తీరంలో గుండెలు జారతాయి, తొంభైల నడుమ రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది ఆ పేరే కదా. కంగారు వద్దు. రొయ్యలది వైరస్, చేపది ఏకకణ పరాన్నజీవి. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివిన మా ల్యాబు అమ్మాయి ఒకసారి సూక్ష్మదర్శినిలో చూపించింది. గుండ్రంగా తిరుగుతూ, లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకంతో భలే ఉంది. అది చేప చర్మం కింద ఉన్నంతసేపు మందు తగలదు, బయటపడి ఈదేటప్పుడే చస్తుంది. అందుకే చుక్కలు మాయమైనా పది రోజుల దాకా ఉప్పు నీళ్లు కొనసాగించాలి. రెక్కల అంచులు చీకిపోతే కూడా ముందు చేయాల్సింది శుభ్రమైన నీళ్లు, ఉప్పే. కడుపు ఉబ్బి తలకిందులుగా తేలితే రెండు రోజులు పస్తు ఉంచి, ఉడికించి తొక్క తీసిన బఠాణీ గింజను చిదిమి వేయండి. పొలుసులన్నీ సీతాఫలం తొక్కలా విచ్చుకుంటే మాత్రం ఆశ తక్కువ. చేపల వైద్యం తెలిసినవారికి చూపించడమే. రొయ్యల మందుల దుకాణం నుంచి ఏదో యాంటీబయాటిక్ తెచ్చి అంచనాగా కలపకండి, దయచేసి.

ఆ గాజు గిన్నెలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. బూరెకు రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కట్టించాం. లెక్కకు 70 లీటర్లు, నిండా నింపం కనుక 60 అనుకోండి. జానెడు పెరిగే చేపకు ఇంతకంటే తక్కువ చోటు ఇవ్వడం నాకు ఒప్పదు. అందులో స్పాంజి ఫిల్టరు పెట్టాం. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలో కాపురం పెడుతుంది. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు రోజులకోసారి నీళ్లు పరీక్షించి, అమ్మోనియా కనిపించిన రోజు సగం మార్చాలి.

ఐదో వారంలో మా అత్తయ్య, స్పాంజి మురికిగా ఉందని సబ్బు పెట్టి తెల్లగా ఉతికి, ఎండలో ఆరేసింది. ఆమె శుభ్రతను తప్పుపట్టలేం, లెక్క మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే నాలుగుసార్లు పిండి పెట్టేయాలి. కుళాయి కింద కూడా కడగకూడదు. అత్తయ్యే అన్నం మెతుకులు, ఇడ్లీ పొడి కూడా వేసేది. గోల్డ్‌ఫిష్‌కు మనలా జీర్ణకోశం సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. కాబట్టి రెండు నిమిషాల్లో తినేంత మేత రోజుకు రెండుసార్లు చాలు, గుళికలైతే కాసేపు నానబెట్టి వేయండి. మేత డబ్బా ఇప్పుడు నా బీరువాలో ఉంటుంది. అత్తయ్య ఇంకా అలకలోనే ఉంది.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. ఇది చల్లని నీళ్లు కోరే చేప, 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. మేలో మా తొట్టి 31 చూపించింది. తొట్టి మూత తీసి టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు వేయకండి, దిగడం నెమ్మదిగా దిగాలి. మధ్యాహ్నం మేత మానేసి, గాలి పంపు రాత్రీ పగలూ నడపండి.

ఆదివారం ఉదయం మూడో వంతు నీళ్లు తోడి, అడుగున పేరుకున్న మడ్డిని రబ్బరు గొట్టంతో లాగేస్తాం. ఆ నీళ్లు మల్లెపాదులకు బలం. ఉప్పు వేసిన రోజుల నీళ్లు మాత్రం మొక్కలకు పోయకండి. మా పెరట్లో కరివేపాకు మొక్క ఒకటి అలాగే ఎండిపోయింది.