తొలకరికి ముందే ఊరంతా అనుకోవలసిన మాట

మృగశిర వానలు పడి నెల తిరగకుండానే ఊళ్లో జ్వరాలు మొదలవుతాయి. మందుల షాపు ముందు నిలబడి "మొన్న మా వాడికి ఇచ్చిన మాత్రలే రెండు పూటలకు ఇవ్వండి" అని అడిగేవాళ్లూ పెరుగుతారు. అలా అడిగి తీసుకునేవాటిలో యాంటీబయాటిక్‌లు ఎక్కువ. జలుబు, డెంగీ, చికున్‌గున్యా వైరస్ వల్ల వస్తాయి కాబట్టి వాటిమీద ఈ మాత్రలు పనిచేయవు. ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా మీద మాత్రం పనిచేస్తాయి: లొంగేవి చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. మాత్ర మింగినవాడి దగ్గరే అవి ఉండిపోవు. చేతుల మీదుగా, మురుగు కలిసిన నీటి ద్వారా పక్కింటి బాలింతకూ చేరతాయి. ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఒక్క ఇల్లు జాగ్రత్తపడితే సరిపోనిది ఇందుకే.

మే నెలాఖరులోగా సర్పంచి, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, పొదుపు సంఘాల మహిళలు, మందుల షాపు యజమాని ఒకచోట కూర్చోవాలి. ఆర్‌ఎంపీని తప్పకుండా పిలవాలి. నిలదీయడానికి పిలిస్తే రాడు. అర్ధరాత్రి జ్వరం వస్తే జనం తలుపు తట్టేది ఆయనదే కాబట్టి మర్యాదగా ముందు వరసలో కూర్చోబెట్టాలి. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వబోమని షాపువాళ్లు, ఆర్‌ఎంపీ అంటే, "సూది వేస్తేనే డబ్బులిస్తాం" అని పట్టుబట్టబోమని ఊరివాళ్లూ అనాలి. నన్నడిగితే ఈ రెండో మాటే కష్టం. సూది వేయకుండా పంపినవాడికి వైద్యం రాదని ప్రచారం చేసేది మనమే కదా!

యాంటీబయాటిక్ అట్ట వెనుక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. వీటిలో కొన్ని బలమైన రకాలు అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో ప్రత్యేక రిజిస్టరులో రాయాలన్న నిబంధన 2014 నుంచి ఉంది. కాని అట్టను కత్తెరతో ముక్కలు చేసి మూడు మాత్రలు చేతిలో పెడితే ఏం తెలుస్తుంది? మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ మరో ముక్కలో ఉండిపోతాయి. పేరూ తేదీ కనిపించని ముక్కను తీసుకోకండి, బిల్లు అడగండి. కేరళలో 2024 నుంచి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపులపై ఆకస్మిక తనిఖీలు చేస్తున్నారు, జనమే ఫిర్యాదు చేయవచ్చు. మన దగ్గర అంతవరకూ పోకుండా షాపువాడితో ముందే మాట్లాడుకోవడం మేలు.

జ్వరం వస్తే పారాసిటమాల్ తగిన మోతాదులో వేసుకుని, నీళ్లు, గంజి, మజ్జిగ తాగుతూ రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే జ్వరం తగ్గినట్టున్నా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కట్టిన పుండు ఉందేమో చూడండి. అది స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరం కావచ్చు. దానికి యాంటీబయాటిక్ తప్పనిసరి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందుల బలాన్ని కాపాడుకోవలసింది ఇలాంటి అవసరానికే.

పిల్లలకు నీళ్ల విరేచనాలయితే ముందుగా ఓఆర్‌ఎస్, జింక్. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు చొప్పున వేస్తే లాభం లేదు. విరేచనాలు ఆగినా జింక్ 14 రోజులు ఇవ్వాలి. మలంలో రక్తం పడితే మాత్రం డాక్టరు చూడాల్సిందే. వానలకు ముందే మంచినీటి ట్యాంకు కడిగించి, క్లోరిన్ వేయించి, మురుగుకాలువ పక్కన పగిలిన పైపు ఉంటే బాగుచేయించాలి. విరేచనాలే తగ్గితే మాత్రల గొడవే ఉండదు.

ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా పోయినేటి మాత్రలుంటాయి. వాటిని పక్కింటివాళ్లకు ఇవ్వకండి, కాలువలో పారేయకండి. ఆశా కార్యకర్త ద్వారా ఒకచోట చేర్చి ఎలా వదిలించుకోవాలో పీహెచ్‌సీలో అడగాలి. డాక్టరు రాసిన కోర్సును మనంతట మనం కుదించుకుంటేనే ఆ డబ్బా నిండేది.

పశువుల సంగతీ ఇందులోదే. కోళ్లకు కొక్కెర తెగులు వస్తే నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలుపుతుంటారు. అదీ వైరస్ జబ్బే, ముందుగా టీకా వేయించడమే దారి. గేదెలకు గొంతువాపు టీకా కూడా వానలకు ముందే పడాలి. ఏదైనా జబ్బుకు యాంటీబయాటిక్ సూది వేయించాల్సి వస్తే ఎన్ని రోజులు పాలు వాడకూడదో పశువైద్యుణ్ణే అడిగి గోడమీద తేదీ రాసుకోండి, ఆ రోజు దాటేదాకా పాలకేంద్రంలో పోయకండి.