టొరెంట్ సాఫ్ట్‌వేరులో అసంపూర్ణ ఫైళ్లకూ పూర్తయిన ఫైళ్లకూ వేర్వేరు ఫోల్డర్లు పెట్టుకోవడం ఎలా?

మా తమ్ముడు తన పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామని టొరెంట్ ద్వారా దాని ఐఎస్ఓ ఫైలును (సిస్టమ్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలును) దించుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూస్తే దాదాపు 6 జీబీల ఫైలు కనిపించింది. పని అయిపోయిందనుకుని దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌కు తగిలించి ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాలేదు. "అన్నయ్యా, సైజు సరిగ్గానే ఉంది కదా, మరి ఎందుకు పనిచేయడం లేదు?" అని ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేరు తెరిచి ఎంత శాతం వచ్చిందో చూడమన్నాను. 62 దగ్గర ఉంది.

ఇది అతని పొరపాటు అనడానికి లేదు. బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలు మొదటి నుంచి చివరి దాకా వరసగా రాదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి, ఎవరి దగ్గర ఏ ముక్క దొరికితే అది ముందు వస్తుంది. ఫైలు చివరన ఉండవలసిన ముక్క ఒక్కటి ముందుగా వచ్చినా, దాన్ని దాని స్థానంలో రాయడం కోసం ఫైలు పొడవు అక్కడి దాకా సాగుతుంది, మధ్యలో మాత్రం అంతా ఖాళీగానే ఉంటుంది. విండోస్‌లో అటువంటి ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, 'సైజ్' అన్నచోట దాదాపు పూర్తి సైజు, దాని కింద 'సైజ్ ఆన్ డిస్క్' అన్నచోట అంతకంటే బాగా తక్కువ అంకె కనిపించవచ్చు. కాబట్టి ఫైలు పేరును, సైజును చూసి అది పూర్తయిందో లేదో తేల్చుకోవడం కుదరదు. దించుకుంటున్నవి ఒక ఫోల్డరులో, దిగిపోయినవి మరొక ఫోల్డరులో ఉండేలా ఒక్కసారి అమర్చుకుంటే, రెండో ఫోల్డరులో కనిపించిన ప్రతి ఫైలూ పూర్తయినదేనని నమ్మకంగా వాడుకోవచ్చు. ఒక ఫోల్డరు నుంచి మరొక దానికి మార్చే పని మాత్రం ఎప్పుడూ సాఫ్ట్‌వేరే చేయాలి, మన చెయ్యి పడకూడదు. కింద చెప్పబోయే జాగ్రత్తలన్నిటికీ ఈ నియమమే ఆధారం.

ఉచితంగా దొరికే క్యూబిట్‌టొరెంట్‌ను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. మిగతా సాఫ్ట్‌వేర్లలో పేర్లు మారుతాయి కానీ అమరిక ఇదే.

ముందుగా చోటు ఎంచుకోవడం

సెట్టింగుల జోలికి వెళ్లే ముందు, ఏ డ్రైవులో ఏ ఫోల్డరు పెట్టాలన్నది తేల్చుకోవాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవులో ఉంటే, డౌన్‌లోడ్ పూర్తయినప్పుడు ఫైలు నిజానికి ఎక్కడికీ కదలదు. దాని చిరునామా మాత్రమే మారుతుంది, కాబట్టి 50 జీబీల ఫైలైనా రెప్పపాటులో రెండో ఫోల్డరులో కనిపిస్తుంది. వేర్వేరు డ్రైవులలో ఉంటే మాత్రం మొత్తం ఫైలును కొత్త చోటికి కాపీ చేసి, ఆ తరువాత పాతదాన్ని తొలగించవలసి వస్తుంది. ఆ కాపీ జరుగుతున్నంతసేపూ రెండు డ్రైవులలోనూ ఆ ఫైలుకు సరిపడా చోటు ఉండాలి, కంప్యూటరును మధ్యలో ఆపేయకూడదు.

ల్యాప్‌టాప్‌లో ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్నవారు ఆలోచించవలసింది పెద్దగా లేదు, రెండు ఫోల్డర్లనూ అందులోనే పెట్టుకోవచ్చు. చిన్న ఎస్‌ఎస్‌డీతో పాటు పెద్ద హార్డ్ డిస్క్ కూడా ఉన్నవారు అసంపూర్ణ ఫోల్డరును ఎస్‌ఎస్‌డీలోనూ, పూర్తయినవాటి ఫోల్డరును హార్డ్ డిస్క్‌లోనూ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. క్రమం లేకుండా వచ్చే ముక్కలను రాయడానికి హార్డ్ డిస్క్‌లో డేటాను రాసే చెయ్యి డిస్క్ అంతా అటూ ఇటూ తిరగవలసి వస్తుంది, ఫైలు కూడా ముక్కచెక్కలుగా పరుచుకుంటుంది. అదే పూర్తయిన ఫైలును ఒక్క దఫాలో కాపీ చేస్తే చాలావరకు వరసగా పడుతుంది.

యూఎస్‌బీ డ్రైవులో అసంపూర్ణ ఫోల్డరు పెట్టాలనుకునేవారు ఆ డ్రైవు ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోవాలి. ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీలకు మించిన ఫైలును అది అసలు భరించలేదు, ఉబుంటు ఐఎస్ఓ లాంటిది మధ్యలో ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ పరిమితి లేదు కానీ, మధ్యలో ఖాళీలున్న ఫైలును ఖాళీలుగానే ఉంచే సౌకర్యం కూడా అందులో లేదు. చివరి ముక్క ముందుగా వస్తే, దానికి ముందున్న భాగమంతా సున్నాలతో నింపవలసి వస్తుంది, ఆ కాసేపు డౌన్‌లోడ్ స్తంభించినట్టు అనిపిస్తుంది. విండోస్ వాడేవారికి ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ నయం.

వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ సేవకు అనుసంధానమై ఉన్న డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో అసంపూర్ణ ఫైళ్లను పెట్టవద్దు. ఫైలులో ఒక్కొక్క ముక్క మారినప్పుడల్లా ఆ సేవ దాన్ని మళ్లీ పైకి పంపాలని చూస్తుంది, దాంతో ఇంటర్నెట్ వేగమూ పోతుంది, క్లౌడ్‌లోని చోటూ నిండిపోతుంది.

సెట్టింగులు మార్చడం

మొదట ఎంచుకున్న చోట రెండు ఫోల్డర్లు తయారుచేసుకోండి. వాటికి 'అసంపూర్ణం', 'పూర్తి' అని తెలుగులోనే పేర్లు పెట్టవచ్చు, క్యూబిట్‌టొరెంట్ తెలుగు పేర్లను ఇబ్బంది లేకుండా చదువుతుంది. ఒకదానిలో మరొకటి పెట్టకుండా పక్కపక్కన ఉంచండి. వీలైనంత వరకు డ్రైవులో పైనే ఉండాలి, ఎందుకంటే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు మొత్తం దారి పొడవు 260 అక్షరాలు దాటితే తడబడతాయి. లినక్స్‌లో తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. అక్కడ ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడిగా 3 బైట్లు పడుతాయి కాబట్టి, లెక్కకు 85 గుర్తులు మాత్రమే పడతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాలను టొరెంట్ ద్వారా దించుకునేవారు పొడవాటి తెలుగు శీర్షికలతో ఫైళ్లకు కొత్త పేర్లు పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తరువాత క్యూబిట్‌టొరెంట్ తెరిచి, టూల్స్ మెనూలో ఆప్షన్స్‌కు వెళ్లి, ఎడమవైపున ఉన్న డౌన్‌లోడ్స్ మీద నొక్కండి. అందులో 'డిఫాల్ట్ సేవ్ పాత్' అన్నచోట 'పూర్తి' ఫోల్డరును చూపించండి. దాని దగ్గరలోనే ఉండే 'కీప్ ఇన్‌కంప్లీట్ టొరెంట్స్ ఇన్' అన్న గడిలో టిక్ పెట్టి, 'అసంపూర్ణం' ఫోల్డరును చూపించండి. అదే పేజీలో అసంపూర్ణ ఫైళ్ల పేరు చివర '.!క్యూబీ' అనే తోక తగిలించే గడి కూడా ఉంటుంది. దాన్ని తప్పకుండా ఆన్ చేయమని చెబుతాను. అది ఆన్ అయి ఉంటే మా తమ్ముడికి జరిగినట్టు జరగదు: సగం దిగిన ఫైలు ఎక్కడ కనిపించినా ఆ తోక చూసి గుర్తుపట్టవచ్చు, పూర్తయిన క్షణంలో సాఫ్ట్‌వేరు దాన్ని తీసేస్తుంది.

ఫైలు మొత్తానికి సరిపడే చోటును ముందే కేటాయించే 'ప్రీ-అలొకేట్' అన్న గడిని హార్డ్ డిస్క్ మీదే దించుకునేవారు ఆన్ చేసుకోవచ్చు. ఫైలు చెల్లాచెదురు కావడం తగ్గుతుంది, చోటు చాలకపోతే ఆ సంగతి సగం దారిలో కాకుండా మొదట్లోనే తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి దీని అవసరం అంతగా లేదు.

చివరగా అప్లై నొక్కి, చిన్న టొరెంట్ ఒకటి దించి పరీక్షించండి. దిగుతున్నంతసేపూ అది 'అసంపూర్ణం'లో తోకతో ఉండాలి, పూర్తవగానే 'పూర్తి'లోకి మారాలి. ఈ మార్పుకు ముందే జాబితాలో ఉన్న టొరెంట్లు పాత చోటనే ఉండిపోయి ఉండవచ్చు; ఒక్కొక్కదాని మీద నొక్కి, కింద జనరల్ ట్యాబ్‌లో 'సేవ్ పాత్' ఎక్కడ ఉందో చూసుకోండి.

పుస్తకాలు, ఐఎస్ఓలు, పాఠాల వీడియోలు అని రకరకాలుగా దించుకునేవారు ఎడమ పట్టీలోని కేటగిరీలను వాడుకుని, ప్రతి కేటగిరీకీ ఒక సేవ్ పాత్ ఇచ్చి, టొరెంట్ మేనేజ్‌మెంట్‌ను ఆటోమేటిక్ పద్ధతికి మారిస్తే, పూర్తయినవి వాటి వాటి ఫోల్డర్లలోకి వాటంతటవే చేరుతాయి.

ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేరులో కూడా అసంపూర్ణ ఫైళ్లకు వేరే ఫోల్డరు చూపించవచ్చు, అది పేర్ల చివర '.పార్ట్' అని చేరుస్తుంది. డెల్యూజ్ అనే మరోదానిలో దీన్నే 'మూవ్ కంప్లీటెడ్ టు' అంటారు. టొరెంట్‌ది కాకపోయినా అలాగే ఫైళ్లు పంచుకునే పాత సాఫ్ట్‌వేరు ఈమ్యూల్‌లో ఈ రెండు ఫోల్డర్లు మొదటి నుంచీ తప్పనిసరిగా ఉన్నవే, వాటి పేర్లు టెంప్, ఇన్‌కమింగ్. టెంప్‌లో ఫైళ్ల అసలు పేర్లు ఉండవు. 001, 002 అని అంకెలు, వాటి వెనక '.పార్ట్' అని ఉంటాయి. ఏ ముక్కలు వచ్చాయో, అసలు పేరేమిటో రాసి ఉంచే '.పార్ట్.మెట్' అనే చిన్న ఫైలు పక్కనే ఉంటుంది. అది కొద్ది కేబీలదే కదా అని తీసేస్తే, పక్కనున్న జీబీల కొద్దీ డేటా ఏమిటో ఈమ్యూల్‌కు తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.

పూర్తయిన ఫైలును జరపడం

పూర్తయిన తరువాత కూడా ఆ ఫైలుతో సాఫ్ట్‌వేరుకు పని తీరదు. మనం దించుకున్నదాన్ని ఇతరులకు అందించడాన్ని సీడింగ్ అంటారు, బిట్‌టొరెంట్ నిలబడి ఉన్నది దాని మీదే. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఆ ఫైలును మరో చోటికి లాగినా, పేరు మార్చినా, సాఫ్ట్‌వేరు దాన్ని పాత చోటనే వెతికి, దొరక్క 'మిస్సింగ్ ఫైల్స్' అని చూపిస్తుంది. జరపవలసి వస్తే జాబితాలో దాని మీద రైట్ క్లిక్ చేసి 'సెట్ లొకేషన్' ద్వారా జరపండి. పేరు మార్చాలన్నా సాఫ్ట్‌వేరులోని కంటెంట్ ట్యాబ్‌లోనే మార్చండి.

ఇప్పటికే చేత్తో జరిపేసినా నష్టం లేదు. ఫైలును పాత చోటికి, పాత పేరుతో తిరిగి తెచ్చి పెట్టి, 'ఫోర్స్ రీచెక్' నొక్కితే, సాఫ్ట్‌వేరు ప్రతి ముక్కనూ టొరెంట్‌లో నమోదైన హ్యాష్‌తో (ముక్క సరైనదో కాదో తేల్చే గుర్తింపు సంఖ్యతో) పోల్చి చూసుకుని, సరిపోయినవాటిని ఉంచుకుని, సరిపోనివాటిని మాత్రమే మళ్లీ దించుకుంటుంది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ వాడేవారికి ఒకనాడు జాబితా మొత్తం 'మిస్సింగ్ ఫైల్స్' అని ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు డ్రైవు అక్షరం 'ఈ' నుంచి 'ఎఫ్'కు మారి ఉంటుంది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి పాత అక్షరాన్నే మళ్లీ కేటాయించి, టొరెంట్లను తిరిగి ప్రారంభిస్తే సరిపోతుంది.

అసంపూర్ణ ఫోల్డరును శుభ్రం చేయడం

నెలలు గడిచేకొద్దీ అసంపూర్ణ ఫోల్డరులో ఎవరికీ చెందని ఫైళ్లు పేరుకుపోతాయి. సగంలో వద్దనుకున్న టొరెంట్‌ను జాబితాలోంచి తీసేసేటప్పుడు, ఫైళ్లను కూడా తొలగించాలా అని అడిగే గడిలో టిక్ పెట్టకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. అసంపూర్ణమైనదాన్ని వదులుకుంటున్నప్పుడు ఆ టిక్ పెట్టండి. పూర్తయినదాన్ని జాబితాలోంచి మాత్రమే తీసేసి ఫైలును ఉంచుకోవాలనుకున్నప్పుడు పెట్టకండి. ఆ గడిని ప్రతిసారీ చదివి నొక్కడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే అక్కడ తొలగిపోయిన ఫైలు తిరిగి దొరకకపోవచ్చు.

ఇదివరకే పేరుకున్నవాటి విషయంలో నేను ఒకసారి చేసిన పని మీరు చేయకండి. సీ డ్రైవు నిండిపోయిందని ఒక రాత్రి అసంపూర్ణ ఫోల్డరులో ఉన్నవన్నీ చెత్తేననుకుని ఒక్కసారిగా తొలగించాను. వాటిలో మూడు రోజులుగా నెమ్మదిగా దిగుతున్న పాత పుస్తకాల సంపుటి ఒకటి ఉంది. దానికి ఉన్న ఒకే ఒక్క సీడరు ఆ మర్నాటి నుంచి మళ్లీ కనిపించలేదు.

పద్ధతిగా చేయాలంటే, ముందు అన్ని టొరెంట్లనూ ఆపండి. జాబితాలో పూర్తికానివాటి పేర్లను, ఫోల్డరులో ఉన్న పేర్లను పక్కపక్కన పెట్టుకుని చూడండి. జాబితాలో లేనివి మాత్రమే అనాథ ఫైళ్లు. చుక్కతో మొదలై '.పార్ట్స్' అని ముగిసే ఫైళ్లు కనిపిస్తే, జాబితాలో ఉన్న ఏ టొరెంట్‌కైనా మీరు కొన్ని ఫైళ్లనే ఎంచుకుని ఉంటే వాటిని ముట్టుకోకండి. కావలసిన ఫైలుకూ వద్దన్న ఫైలుకూ ఉమ్మడిగా ఉన్న ముక్కలు వాటిలోనే ఉంటాయి. అనాథలని తేలినవాటిని కూడా వెంటనే తొలగించకుండా వేరే ఫోల్డరుకు మార్చి, వారం రోజులు అన్నీ సవ్యంగా నడిస్తే అప్పుడు తొలగించండి.

డ్రైవు మళ్లీ మళ్లీ నిండిపోతుంటే, ఆప్షన్స్‌లోని బిట్‌టొరెంట్ పేజీలో ఒకేసారి ఎన్ని డౌన్‌లోడ్లు నడవాలన్న సంఖ్యను తగ్గించండి. పది టొరెంట్లు ఒకేసారి సగం సగం దిగి చోటును పట్టుకుని కూర్చోవడం కంటే, రెండేసి చొప్పున పూర్తయి 'పూర్తి' ఫోల్డరుకు వెళ్లిపోవడం మేలు. చోటు చాలక టొరెంట్ ఎర్రర్‌లో ఆగితే, చోటు ఖాళీ చేసి తిరిగి ప్రారంభించండి. అనుమానం ఉంటే రీచెక్ చేయించండి.

విండోస్‌ను మళ్లీ వేయించుకునే ముందు ఫైళ్లను దాచుకోవడంతో సరిపెట్టుకోకండి. ఏ టొరెంట్ ఎంతవరకు వచ్చిందో, ఏ ఫోల్డరులో ఉందో అన్న సమాచారమంతా మీ యూజరు ఖాతాలోని యాప్‌డేటా, లోకల్ ఫోల్డర్ల లోపల క్యూబిట్‌టొరెంట్ పేరుతో ఉన్న ఫోల్డరులో, బీటీ_బ్యాకప్ అన్నచోట ఉంటుంది. సాఫ్ట్‌వేరును పూర్తిగా మూసి, ఆ ఫోల్డరును వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. కొత్త విండోస్‌లో క్యూబిట్‌టొరెంట్‌ను వేసి, దాన్ని తెరవకముందే ఆ ఫోల్డరును పాత చోట పెట్టి, 'అసంపూర్ణం', 'పూర్తి' ఫోల్డర్లు అవే డ్రైవు అక్షరాలతో, అవే పేర్లతో ఉండేలా చూసుకుంటే, జాబితా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది.