బర్గర్‌లో వేరే మాంసం అని మెసేజ్ వస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యొద్దు

ఫలానా సూపర్ మార్కెట్‌లో చీప్‌గా అమ్మే ఫ్రోజెన్ ప్యాటీల్లో (బర్గర్ మధ్యలో పెట్టే మాంసం బిళ్ళల్లో) రాసిన మాంసం ఒకటి ఉన్నది ఇంకొకటి అని ఒక మెసేజ్ పడిందనుకోండి, పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ గ్రూప్ మొత్తం గోల అయిపోతుంది. ఒకాయన జోకులేస్తాడు, ఒకావిడ మా పిల్లలు మొన్ననే తిన్నారు ఇప్పుడెట్లా అని ఏడుస్తుంది, ఇంకొకరు అందుకే మేం బయటివి ముట్టం అని క్లాస్ పీకుతారు, ఈలోపు ఎవరో కులమో మతమో మధ్యలోకి తెస్తారు. అందరూ ఒకదాని గురించే మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ నిజానికి ఎవరి గొడవ వాళ్ళది. ఒకరిది రోగం వస్తుందా అన్న భయం, ఒకరిది డబ్బు తీసుకుని మోసం చేశారన్న కోపం, ఇంకొకరిది తినకూడనిది తిన్నానన్న బాధ. ముందు ఈ మూడింటినీ విడదీయండి, సగం గోల అక్కడే తగ్గుతుంది.

దీనికి ఇప్పటికీ పెద్ద ఉదాహరణ 2013 లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిగిన గుర్రం మాంసం గొడవే. జనవరి 15 న ఐర్లాండ్ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు రిజల్ట్స్ బయటపెట్టారు, 27 బీఫ్ బర్గర్లు టెస్ట్ చేస్తే 10 లో గుర్రం డీఎన్‌ఏ, 23 లో పంది డీఎన్‌ఏ. టెస్కో అనే అక్కడి సూపర్ మార్కెట్ అమ్మే ఎవ్రీడే వాల్యూ అనే చీప్ రకం ఒకదాంట్లో అయితే మాంసంలో దాదాపు 29 శాతం గుర్రమే. ఇక చూడండి, ట్విట్టర్ నిండా గుర్రం జోకులే. టెస్కో కస్టమర్ కేర్ అకౌంట్ నుంచి నిద్రకు పోతున్నాం అని చెప్పడానికి గడ్డి అన్న మాట ఉన్న ఇంగ్లిష్ సామెత ఒకటి పోస్ట్ అయింది, ముందే షెడ్యూల్ చేసి పెట్టిందంట, దానికి కూడా సారీ చెప్పుకోవాల్సి వచ్చింది పాపం. పేపర్లలో ఫుల్ పేజీ క్షమాపణ యాడ్‌లు వేసుకున్నారు. ఫ్రోజెన్ బర్గర్ల అమ్మకాలు పడిపోయాయి, వీధి చివర కసాయి షాపులకు గిరాకీ పెరిగింది.

ఆ ఫిబ్రవరిలోనే ఫిండస్ అనే కంపెనీ లసాన్యాలో (పాస్తా పొరల మధ్య ఖీమా పెట్టి చేసే వంటకం) కూడా గుర్రం దొరికింది, కొన్నిట్లో 60 నుంచి 100 శాతం దాకా. జనం వెంటనే రుమేనియా మీద పడ్డారు, అక్కడి కబేళాల నుంచి వచ్చింది కాబట్టి. తీరా చూస్తే వాళ్ళు గుర్రం అని రాసే పంపారు, మధ్యలో చేతులు మారేటప్పుడు లేబుల్ మారింది. 2019 లో పారిస్ కోర్టు శిక్ష వేసింది ఒక డచ్ మాంసం వ్యాపారికీ, ఫ్రెంచ్ కంపెనీలో పనిచేసిన వాళ్ళకీ. అంటే మెసేజ్ రాగానే ఎవడి వైపు వేలు చూపిస్తామో వాడు దొంగ కాకపోయే చాన్సు బాగా ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పద్ధతి చెప్తా. మొదటిది, మెసేజ్ చూడగానే వెతకాల్సింది అంకె. డీఎన్‌ఏ దొరికింది అనేది ఒక మాట, ఇంత శాతం మాంసం కలిసింది అనేది ఇంకో మాట. డీఎన్‌ఏ పట్టుకునే పీసీఆర్ అనే టెస్ట్‌కి చిటికెడు ఆనవాలు చాలు, పొద్దున ఒక మాంసం ఆడించిన మెషీన్‌ని సరిగ్గా కడక్కుండా మధ్యాహ్నం ఇంకోటి ఆడిస్తే కూడా దొరుకుతుంది. 2013 లో ఆ 10 బర్గర్లలో తొమ్మిదింట్లో గుర్రం అట్లాంటి ఆనవాలే, పంది కూడా చాలావాటిలో అంతే. 29 శాతం అంటే మాత్రం మెషీన్ కడగలేదు అనే కథ చెల్లదు, అది కావాలని కలిపిందే. శాతం లేకుండా, ల్యాబ్ పేరు లేకుండా, ప్యాకెట్ బ్యాచ్ నంబర్ లేకుండా వచ్చిన మెసేజ్‌ని ఫార్వర్డ్ చెయ్యకండి, అంతే. మన దగ్గర 2016 లో ఒక పేరున్న బిర్యానీ హోటల్‌లో కుక్క మాంసం అని ఫోటోలు తిరిగాయి గుర్తుందా, అది ఉత్త పుకారు, పుట్టించిన కుర్రాడిని పోలీసులు పట్టుకున్నారు కూడా.

రెండోది, ఆరోగ్యం. తప్పు లేబుల్ అంటే విషం అని కాదు. గుర్రం గొడవలో అసలు భయం గుర్రాలకు నొప్పులకి ఇచ్చే ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు గురించి, దాని మీద బ్రిటన్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ చెప్పింది ఏంటంటే ఒక మనిషి మందుగా వేసుకునే రోజు డోసు దగ్గరికి వెళ్ళాలన్నా పూర్తిగా గుర్రం మాంసంతో చేసిన బర్గర్లు రోజుకి 500 నుంచి 600 తినాలి అని. కాబట్టి మొన్న తిన్న పిల్లాడిని పట్టుకుని హాస్పిటల్‌కి పరిగెత్తక్కర్లేదు, కడుపునొప్పి, వాంతులు ఉంటే తప్ప. అట్లా అని లైట్ తీసుకోమని కాదు, ఏం మాంసమో చెప్పనివాడు ఎప్పుడు కోసిందో, ఏ ఫ్రీజర్‌లో ఎన్నాళ్ళు ఉందో కూడా చెప్పడు కదా.

ఇక మూడోది, తినకూడనిది తిన్నా అనే బాధ, దీన్ని మాత్రం జోకు చెయ్యకండి ప్లీజ్. హైదరాబాద్‌లో ఒకే ఫ్లోర్‌లో ఒకరు పంది తినరు, ఒకరు బడే కా (బీఫ్) తినరు, ఒకరు హలాల్ అయితేనే తింటారు, ఒకరు శనివారం గుడ్డు కూడా ముట్టరు. శాస్త్రం ప్రకారం ఏం కాలేదు లెండి ఆంటీ అని చెప్తే ఆవిడకి ఒరిగేది ఏం లేదు. మోసపోయారు, మీ తప్పేం లేదు అని ఒక్క ముక్క అనండి, చాలు. షాపు వాడిది ఏ మతమో అనే వైపు మాట పోతుంటే మాత్రం అక్కడే ఆపండి, యూరప్‌లో కథ నడిపించింది మతం కాదు, గుర్రం చౌక బీఫ్ ఖరీదు, ఆ తేడానే.

ఆ తేడా మనం షాపులోనే పట్టుకోవచ్చు. మటన్ కిలో 800 దాటి చాలా కాలమైంది, ఎముక తీసేస్తే ఇంకా పిరం పడుతుంది. అంటే వంద గ్రాముల మటన్ ప్యాటీలో మాంసానికే 80 పైన అవ్వాలి, మసాలా, ప్యాకింగ్, షాపు లాభం వేరే. 40 రూపాయలకి మటన్ ప్యాటీ ఇస్తున్నాడంటే అందులో ఉన్నది సోయానో, చికెనో, ఇంకేదో. వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల లిస్ట్ చదవండి, బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలి అనేది రూల్, మటన్ నాలుగో చోట ఉందంటే అర్థమైపోయింది కదా. బ్రౌన్ త్రికోణం అంటే నాన్‌వెజ్ అని మాత్రమే, ఏ జంతువో అది చెప్పదు, చాలామంది ఇక్కడ పొరబడతారు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశంలో ఫుడ్ సేఫ్టీ చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబర్ ఉంటుంది, దాన్ని వాళ్ళ ఫాస్‌కాస్ అనే లైసెన్స్‌ల సైట్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది, పేరు రాకపోయినా వేరే పేరు వచ్చినా ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి.

నన్నడిగితే ఇంట్లో బర్గర్లు చేసుకునేవాళ్ళు ప్యాకెట్ జోలికే పోవద్దు. ఖీమా ముందే కొట్టి పెట్టింది కొనకుండా ముక్క చూపించి భాయ్ ఇదే ఎదురుంగ కొట్టు అని నిలబడండి, వేలాడదీసిన దాని మీద తనిఖీ ముద్ర ఉందా చూడండి. కొట్టాక రంగు చూసి, వాసన చూసి కనిపెడతా అనే మొనగాళ్ళని నమ్మకండి, మసాలా పడ్డాక ఎవడికీ తెలీదు.

ల్యాబ్‌కి మాత్రం వండినా తెలుస్తుంది, ఒక్కో కణంలో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు) డీఎన్‌ఏ కాపీలు బోలెడు ఉంటాయి, ఉడికినా కొంచెం మిగులుతుంది. హైదరాబాద్ దగ్గర చెంగిచెర్లలో మాంసం మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది, ఏ జంతువుదో తేల్చే ల్యాబ్ అక్కడ ఉంది. కానీ మీరు తినేసిన బర్గర్ మిగులు డబ్బాలో పట్టుకుపోతే కేసుగా నిలబడదు. ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 40 కింద కొన్నవాళ్ళు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర టెస్ట్ చేయించుకోవచ్చు, 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, తేడా వస్తే కట్టిన ఫీజు వాపస్. తిరకాసు ఏంటంటే టెస్ట్ చేయించబోతున్నా అని కొనేటప్పుడే షాపు వాడికి చెప్పాలి. అందుకే ఈజీ దారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనో 1800112100 కి ఫోన్ చేసో కంప్లయింట్ పెట్టడం, అప్పుడు ఆఫీసర్ వచ్చి సీల్ ఉన్న ప్యాకెట్లు తీసుకుని నాలుగు భాగాలు చేసి పంపుతాడు. తప్పు లేబుల్ అని తేలితే 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

కంప్లయింట్ పెట్టేటప్పుడు మా కాలనీ అంతా అంటున్నారు అని రాయకండి, బిల్లు ఫోటో, ప్యాకెట్ రెండు వైపులా ఫోటో, బ్యాచ్ నంబర్, కొన్న తేదీ, అంతే. అదే బ్యాచ్‌ది విప్పని ప్యాకెట్ ఇంకోటి ఉంటే ఫ్రీజర్‌లో అట్లాగే ఉంచండి, దాని మీద పెద్ద అక్షరాలతో ముట్టొద్దు అని రాసి మరీ, లేకపోతే సాయంత్రం ఆకలేసి ఇంట్లో ఎవరో ఒకరు వేయించుకుని తినేస్తారు.