పరిశోధకుల రికార్డు చదవడం – మూడో పాఠం: పేరు, పెన్సిలు, హెచ్-ఇండెక్స్

పోయిన పాఠంలో పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైటులో, పేరు కొట్టి పేపర్ల జాబితా తెచ్చుకోవడం చూశాం. ఏయూలో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) ఎమ్మెస్సీ చేసి క్యాన్సర్ మీద పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. "ఈయనకి నూటయాభై పేపర్లున్నాయి సార్" అంటారు. అవన్నీ ఆయనవేనా? ముందు అది తేల్చుకోవాలి.

మన పేర్లతోనే అసలు చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. పబ్‌మెడ్ మాత్రం చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. కె. శ్రీనివాస రావు అక్కడ 'రావు కె.ఎస్.' అయిపోతాడు. ఆ పేరు మీద గుండె డాక్టరూ, చేపల మీద పనిచేసేవారూ, క్యాన్సర్ కణాలు పెంచేవారూ ఒకే జాబితాలో కలిసిపోతారు. నేనూ ఒకసారి ఇద్దరిని ఒకరిగా లెక్కేసి ఒక అమ్మాయికి తప్పు చెప్పాను. ఆమె మెయిల్ పెట్టాక గానీ తెలియలేదు. అప్పటి నుంచి పేరు కింద ఉన్న సంస్థ, ఊరు చదవకుండా లెక్క మొదలుపెట్టను.

ఊరి పేరు దగ్గర కూడా జాగ్రత్త. విశాఖపట్నం, వైజాగ్ రెండూ కొట్టండి. ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఎస్' తర్వాత ఒక 'హెచ్' చేర్చి రాసేవాళ్లూ ఉన్నారు, అదీ కొట్టండి. ఏయూ పాత పేపర్లలో వాల్తేరు అని ఉంటుంది. పరిశోధకుడికి ఆర్కిడ్ నంబరు, అంటే 16 అంకెల గుర్తింపు సంఖ్య, ఉంటే సగం పని తప్పుతుంది.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. ఒకాయనకి ఎనిమిది పేపర్లున్నాయనుకుందాం. ఒక్కో పేపర్ని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే సైటేషన్లు, పెద్ద నుంచి చిన్నకి వరసగా రాయండి: 61, 40, 22, 9, 6, 6, 3, 0. పక్కన 1 నుంచి 8 దాకా వరస సంఖ్య వేసి, పెన్సిలు పైనుంచి కిందికి జరపండి. సైటేషన్లు వరస సంఖ్య కన్నా తగ్గకుండా ఉన్న చివరి వరస సంఖ్యే హెచ్-ఇండెక్స్. ఆరో వరసలో 6 ఉంది, సరిపోయింది. ఏడో వరసలో 3 మాత్రమే ఉంది, చాలదు. ఆయన హెచ్-ఇండెక్స్ 6. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో చెప్పిన లెక్క ఇదే.

రెండో ఆయనది చూడండి: 900, 5, 4, 3, 3, 1, 0, 0. మొత్తం 916 సైటేషన్లు, మొదటాయనకి 147. కానీ ఈయన హెచ్-ఇండెక్స్ 3 మాత్రమే. ఆ 900 పేపరు తెరిస్తే నలభై మంది రచయితలున్న మందు పరీక్ష కావచ్చు, ఈయన పేరు మధ్యలో ఎక్కడో ఉండవచ్చు. క్యాన్సర్ రంగంలో సాధారణంగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ల్యాబు నడిపేవారిది. గైడ్ కోసం వెతికేవారు చివరి పేరుగా వచ్చిన పేపర్లను విడిగా లెక్కపెట్టాలి.

ఎందుకు ఉదహరించారన్నదీ చూడాలి. ప్రపంచంలో ఏ క్యాన్సర్ ఎంతమందికి వస్తోందో చెప్పే గణాంకాల పేపర్లకి సైటేషన్లు కుప్పలు తెప్పలు. రొమ్ము క్యాన్సర్ గురించి రాసే ప్రతివారికీ మొదటి వాక్యంలో ఆ అంకె కావాలి కదా. ఆ పేపరు పనికొచ్చేదే, కానీ దాన్ని కొత్త మందు కనిపెట్టిన పేపరుతో పోల్చకూడదు.

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి విషయం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. భీమవరంలో పుట్టిన ఆయన, ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్ని ఇతరులు ఎన్నో వేలసార్లు ఉదహరించారు. రక్త క్యాన్సర్ పిల్లల్లో అమినోప్టెరిన్‌తో తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని అమెరికా డాక్టరు ఫార్బర్ బృందం 1948లో ప్రకటించింది. ఆ మందు తయారైంది సుబ్బారావు గారి బృందం చేతిలో. కానీ ఆ 1948 పేపరు రచయితల్లో ఆయన పేరు లేదు. హెచ్-ఇండెక్స్ లెక్కలో ఆ పిల్లల పేపరు ఆయన ఖాతాలో పడదు. ఇలాంటి పనిని పట్టుకోవాలంటే పేపరు చివర కృతజ్ఞతల పేరా దాకా చదవాలి.

ఇంకో చిన్న విషయం. సైటేషన్లు లెక్కపెట్టే వెబ్‌సైట్లలో గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి స్కోపస్ అనే మరో సైటు కన్నా అక్కడ అంకె ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో అంకె పక్కనే రాసుకోండి.

అభ్యాసం: 30, 18, 12, 12, 7, 5, 4, 2, 1. దీని హెచ్-ఇండెక్స్ కట్టండి, జవాబు నాలుగో పాఠంలో. ఆ తర్వాత విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి చిరునామాతో వచ్చిన పేపరు ఒకటి వెతకండి. దాన్ని ఉదహరించిన పేపర్లలో మూడు తెరిచి, ఒక్కొక్కరూ దాన్ని దేనికి వాడుకున్నారో ఒక్కో వాక్యం తెలుగులో రాయండి. వచ్చే పాఠంలో వెనక్కి తీసుకున్న పేపర్లను గుర్తుపట్టడం చూద్దాం, అందుకు ఆ మూడు వాక్యాలూ దగ్గర ఉంచుకోండి.